మూఢం వెళ్ళాక

ఖామిష్లీ, సిరియా
16 నవంబరు 2025

మావయ్యా,

చెవులు పోయినవాడికి ఫోన్ చేయడం కంటే గోడతో మాట్లాడడం నయమని అత్త అంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. కొట్లో కర్పూరం, వత్తులు కొనేవాళ్ళు లేని వేళ చూసుకుని చదువు.

నేను పనిచేసే క్లినిక్కు ఒక బడిలో ఉంది. బడిలో పిల్లల చదువుల్లేవు, గదికి మూడేసి సంసారాలున్నాయి. మధ్యలో దుప్పట్లు వేలాడదీసి ఇది మీ ఇల్లు, ఇది మా ఇల్లు అనుకుంటున్నారు. వీళ్ళంతా కుర్దులు. పడమటి వైపు ఆఫ్రిన్ అనే ఊరుంది, దాని చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. ఏడేళ్ళ కిందట యుద్ధం వస్తే కట్టుబట్టలతో పారిపోయి గుడారాల్లో బతికారు. పోయిన డిసెంబరులో యుద్ధం ఆ గుడారాల దాకా వచ్చింది. మళ్ళీ లేచి ఇక్కడికి వచ్చి పడ్డారు.

ఇందులో ఎమీనే అనే ముసలావిడ ఉంది. బీపీ మాత్రలకని వచ్చి గంట కూర్చుంటుంది. నన్ను "కెచా మిన్" అంటుంది, అంటే నా కూతురా అని. ఆవిడ అసలు కూతురు రోజీన్ ఒకప్పుడు ఇంగ్లీషు టీచరు. తల్లి మాటలు నాకు చేరవేసేది ఆ పిల్లే. నువ్వు నా పెట్టెలో పెట్టిన క్యాలెండరు క్లినిక్కు గోడకి కట్టాను కదా, దాని మీది వినాయకుణ్ణి చూసి ఎమీనే "ఈయనెవరు, ఈ రోజుల్లో ఇంత కడుపు నిండినవాడు?" అని అడిగింది. కింద చిన్న అక్షరాలేమిటంది. మంచి గడియలు, చెడ్డ గడియలు అని చెప్పాను. మా మావయ్య అవన్నీ చూసి చెప్తాడు, చీడికాడ నుంచి, మాడుగుల నుంచి బస్సెక్కి వచ్చి అడుగుతారు అని నీ గురించి గొప్పలు కూడా పోయాను.

ఇప్పుడు అసలు సంగతి. వీళ్ళకి ఇల్లు దొరుకుతోంది. నిన్ననే కబురొచ్చింది. డిసెంబరు రెండు, మంగళవారం బస్సులు బయల్దేరతాయి. తల్లీ కూతుళ్ళకి రెండు సీట్లు ఇచ్చారు. ఎమీనే సంతోషంతో ఏడ్చి, తేరుకుని, నాతో అంది: "రెండుసార్లు లేచాం. రెండుసార్లూ పొయ్యి మీది కుండ పొయ్యి మీదే ఉంది. గడియ చూసుకునే తీరిక ఎవరిచ్చారు మాకు? ఈసారి చూసుకుని గడప దాటతాను. మీ మావయ్యను అడుగు."

రోజీన్ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆవిడ నవ్వలేదు మావయ్యా. చూసి చెప్పు.

నీ గౌతమి


చోడవరం
20 నవంబరు 2025

మేనకోడలు గౌతమికి, చెవిటి మావయ్య గౌరీశంకర్ దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చదివి వినిపించాను. మీ అత్త కనకమహాలక్ష్మి కాగితం మీద రాసి మరీ ఎత్తిపొడిచింది: "ఊళ్ళో వోళ్ళకి సెప్పింది సాల్లేదేటి, సిరియాకి కూడా సెప్తావా?" చెప్తాను. ఎందుకు చెప్పకూడదు? మన శుక్రుడు, మన సూర్యుడే కదా అక్కడా తిరిగేది.

ఇక విషయం. మంగళవారం సంగతి పక్కన పెట్టు, అసలు అడ్డం మూఢం. ఈ నెల ఇరవై ఆరు నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా శుక్ర మూఢం. శుక్రుడు సూర్యుడి దగ్గరికి పోయి కంటికి కనబడడు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు పెట్టుకోం, కొత్తింట్లో పాలు పొంగించం. నువ్వు రాసింది చూస్తే, మన వైపు తుఫాన్లప్పుడు ఇళ్ళు పోయినవాళ్ళకి కాలనీలు కట్టించి ఇస్తారు చూడు, అలాంటిదే అనిపిస్తోంది. ఇచ్చారు కదా అని ఎగబడి వెళ్ళి దిగిపోకూడదు. రెండుసార్లు నిలువ నీడ పోయినవాళ్ళు. మూడోసారి కూడా అరిష్టం అంటించుకుంటారా?

ఆ ముసలమ్మతో నా మాటగా చెప్పు: "ఏడేళ్ళు ఆగేవు, మూడు నెల్లు ఆగలేవేటమ్మా?" మూఢం వెళ్ళాక ఫాల్గుణంలో మొదటి గురువారం, ఫిబ్రవరి పంతొమ్మిది, దివ్యంగా ఉంది. ఆ రోజు కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళమను. ఇక ఆ ఇంటి నుంచి వాళ్ళని ఎవరూ కదపలేరు. ఇది నా పూచీ.

నువ్వు వేళకి తిను.

మావయ్య


ఖామిష్లీ
4 డిసెంబరు 2025

మావయ్యా,

బస్సులు మొన్న వెళ్ళిపోయాయి. ఎమీనే, రోజీన్ వెళ్ళలేదు.

నీ ఉత్తరం రోజీన్‌కి ఇంగ్లీషులో చెప్పాను. తల్లికి చెప్పకుండా ఉంటే బాగుండునన్నట్టు ఆమె నా వైపు చూసింది. ఎమీనే ఊరుకుంటుందా, మీ మావయ్య ఏమన్నాడని పొద్దున్నుంచి తలుపు దగ్గరే కూర్చుంది. చివరికి చెప్పేశాం. ఆవిడ "ఆయనకి నేనెవరు? నా డబ్బు తిన్నాడా, నాతో పనుందా? ఊరికే అబద్ధం ఎందుకు చెప్తాడు?" అంది. సీట్లు పక్క గదిలోని కుటుంబానికి ఇప్పించింది. బస్సుల పని చూసే అతను నా మీద మండిపడ్డాడు. రోజీన్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూట కట్టిన గిన్నెలు విప్పి మళ్ళీ గట్టు మీద సర్దుతూ ఏడ్చింది.

ఎమీనే మాత్రం నిశ్చింతగా ఉంది. శుక్రుడు మళ్ళీ ఎటు వైపు కనబడతాడని అడిగింది. సాయంత్రం పూట పడమట అని చెప్పాను. "మా ఊరు వైపే" అని మురిసిపోయింది. రోజూ పొద్దుగూకే వేళ బడి మెట్ల మీద కూర్చుని పడమటికి చూస్తోంది. ఇప్పుడు కనబడదు, ఫిబ్రవరిలో అని చెప్పినా వినదు.

కొత్త సంవత్సరం వచ్చాక ఇంకో జట్టు వెళ్తుందన్నారు. చలి మొదలైంది. గదికి ఒక కిరసనాయిలు పొయ్యి, అది కూడా గంటో రెండు గంటలో. నీళ్ళ ట్యాంకరు వస్తే చిన్నపిల్లలకి కూడా బిందె అందించి వరసలో నిలబెడుతున్నారు. మనం చేసింది మంచిదేనా మావయ్యా అని ఒక్కోసారి అనిపిస్తుంది. నువ్వు పూచీ అన్నావు కదా, ఆ మాట పట్టుకుని ఉన్నాను.

గౌతమి


చోడవరం
19 డిసెంబరు 2025

గౌతమీ, ఆశీస్సులు.

నువ్వు బెంగ పెట్టుకోకు. ముసలమ్మ బుద్ధిమంతురాలు. మన వాళ్ళే నా మాట వినడం లేదు. మీ అత్త చెల్లెలి కొడుకు మూఢంలోనే నిశ్చితార్థం పెట్టుకుంటానని కూర్చున్నాడు, హాలు చవకట. మూఢంలో హాళ్ళు చవగ్గా కాక ఎలా ఉంటాయి?

గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరుకు బళ్ళు ఈ ఏడు పలచగా ఉన్నాయి. మాడుగుల వెళ్ళినప్పుడు హల్వా కొన్నాను, మీ ముసలమ్మకి పంపే దారుందా అని పోస్టాఫీసులో అడిగితే ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. మేమే తినేశాం. ఆవిడ పేరు చెప్పుకునే తిన్నాం.

ఇప్పటి నుంచే కొన్ని సంగతులు కనుక్కుని రాయి. ఆ కొత్తిల్లు ఏ ముఖం? పొయ్యి ఏ మూల వస్తుంది? గోడలు ఆరాయా? పాలు పొంగించడానికి ఆవుపాలు దొరక్కపోతే మేకపాలైనా ఫరవాలేదు, ఆపద్ధర్మం. అత్త చూసి నవ్వుతోంది. నవ్వనీ. ఒక ఇల్లు నిలబడడమంటే మాటలా?

మావయ్య


ఖామిష్లీ
5 జనవరి 2026

మావయ్యా,

ఆలస్యానికి ఏమనుకోకు, మనిషికి ఊపిరాడడం లేదు ఇక్కడ. సగం మందికి దగ్గు, జ్వరం. ఎమీనేకి కూడా పది రోజులుగా దగ్గు.

నీ ప్రశ్నలు ఆవిడని అడిగాను. ఎంత సంతోషించిందో చెప్పలేను. ఇన్నేళ్ళలో ఎవరూ ఆవిడ ఇంటి గురించి అడగలేదట. తూర్పు ముఖం. పొయ్యి ఆగ్నేయమో కాదో తెలియదు కానీ తలుపు తీయగానే కుడిచేతి వైపు ఉంటుందంది. గోడలు ఆరడమేమిటని నవ్వింది. భర్త కొండ మీంచి రాళ్ళు మోసుకొచ్చి కట్టిన ఇల్లట, యాభై ఏళ్ళయింది. పెళ్ళికూతురుగా ఆ గడప తొక్కింది. పిల్లలంతా ఆ ఇంట్లోనే పుట్టారు. వెనకాల ఆలివ్ తోట మామగారు నాటినది. ఏడేళ్ళుగా ఎవరో పరాయివాళ్ళు అందులో కాపురమున్నారు. నవంబరులో వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతే, పక్కింటాయన లోపలంతా ఊడ్చి, తాళం వేసి వీళ్ళకి కబురు చేశాడు. త్వరగా రండి, ఖాళీ ఇల్లు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదని కూడా చెప్పాడట.

ఈ నెల ఇరవైకి ఇంకో జట్టు అంటున్నారు. రోజీన్ వెళ్దామంటోంది. ఎమీనే మాత్రం "ఫిబ్రవరి పంతొమ్మిది" అని అరబ్బీలో, కుర్దీలో, చివరికి నా దగ్గర నేర్చుకుని తెలుగులో కూడా చెప్తోంది.

గౌతమి


చోడవరం
6 జనవరి 2026

ఒసే గౌతమీ,

ఈ వాక్యం చదవగానే లేచి ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్ళు. వెళ్ళి బయల్దేరమని చెప్పు. ఇరవై దాకా కూడా వద్దు, ఏ బండి దొరికితే ఆ బండి. మిగతాది తర్వాత చదువు.

అది ఆవిడ సొంతిల్లా? మొగుడు కట్టిన ఇల్లా? ఆ మాట ముందే ఎందుకు రాయలేదే? ఎవరో ప్రభుత్వం వాళ్ళు కొత్తగా ఇల్లు కేటాయించారనుకున్నాను నేను. మూఢం కొత్తింటికే. ఉన్న ఇంటికి, కాపురం చేసిన ఇంటికి తిరిగి వెళ్ళడానికి మూఢం లేదు, మంగళవారం లేదు, అమావాస్య లేదు. పుట్టింటి నుంచి వచ్చిన కోడల్ని గుమ్మం బయట మూడు నెలలు నిలబెడతామా? మొన్నటి తుఫానుకి పైకప్పు ఎగిరిపోయి అక్క ఇంట్లో తలదాచుకున్న అచ్చియ్యమ్మ రేకులు వేయించుకుని పోయిన వారమే కొట్టుకొచ్చింది, ఎప్పుడు వెళ్ళమంటావని. "నీ కొంపకి నువ్వెళ్డానికి నన్నడగడమేటే, ఎల్లు" అని కసిరి పంపేను. అదే మాట ఆవిడకీ చెప్పాల్సినవాణ్ణి.

చదివినట్టు ఒక్క ముక్క రాయి. ఒక్క ముక్క చాలు.

మావయ్య


చోడవరం
27 జనవరి 2026

గౌతమీ,

నేను పంపిన ఉత్తరం పక్కన ఇప్పటికీ ఒక్క టిక్కే ఉంది. రెండోది పడితే నీ ఫోన్‌కి చేరినట్టని చెప్పారు. పొద్దున్న లేవగానే అదే చూస్తున్నాను.

టీవీలో మాటలు నాకు వినబడవు, బొమ్మలు చూశాను. మంచులో జనం, లారీల మీద పరుపులు. నీ ఊరేనా? అత్త వంట మానేసి దేవుడి దగ్గర కూర్చుంటోంది. కోపమొచ్చి రాయడం లేదేమో అంది ఒకసారి. కోపముంటే తిట్టు తల్లీ. నా పూచీ అని రాసినవాణ్ణి, తిట్లు పడతాను. వాళ్ళు వెళ్ళారా లేదా? ఆ ఒక్కటీ చెప్పి తిట్టు.

మావయ్య


ఖామిష్లీ
12 ఫిబ్రవరి 2026

మావయ్యా,

నేను బాగానే ఉన్నాను. ముందు అత్తకి ఆ మాట చెప్పు.

పోయిన ఉత్తరం నీకు పంపిన రాత్రే పోయిన నెట్టు ఇవాళ వచ్చింది. నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి దిగాయి. కోపం కాదు మావయ్యా, అవి నాకు చేరనే లేదు.

జనవరిలో మళ్ళీ యుద్ధం రేగింది. ఎవరు ఎవరి మీదికి వెళ్ళారో టీవీవాళ్ళకి నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసిందల్లా, దారులు మూసేశారు, ఇరవయ్యో తారీఖు బస్సు కదల్లేదు, వేరే ఊళ్ళ నుంచి మళ్ళీ జనం వచ్చి పడ్డారు. గదికి మూడు సంసారాలుండేవి, ఆరయ్యాయి. వరండాలో మంచు పడుతుంటే పసిబిడ్డల్ని పడుకోబెట్టుకున్నారు. కిరసనాయిలు లేదు. బెంచీలు విరగ్గొట్టి కాల్చుకున్నారు. ఎవరినీ కాదనలేక ఎమీనే తన చాప తలుపు దగ్గరికి లాక్కుంది, లోపలి చోటు ఒక బాలింతకి ఇచ్చింది.

దగ్గు ఊపిరితిత్తులకి దిగింది. నా దగ్గర మందులు అయిపోయాయి. ఊళ్ళో ఆసుపత్రిలో నడవా కూడా ఖాళీ లేదు. నాలుగు రోజులు నేనూ రోజీనూ మార్చి మార్చి కూర్చున్నాం. "ఆ చుక్క వచ్చిందా?" అని అడిగేది. ఇంకా లేదు దాయే అనేదాన్ని. ఇక్కడ అమ్మని దాయే అంటారు. జనవరి ముప్పై ఒకటి తెల్లవారగట్ల పోయింది. ఈ ఊరి శ్మశానంలో, తన వాళ్ళెవరూ లేని చోట పెట్టి వచ్చాం. పడమటి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ సమాధులే ఆ వరసంతా.

ఇంకో సంగతి చెప్పాలి. వాళ్ళ సీట్లలో వెళ్ళిన కుటుంబం క్షేమంగా చేరింది. వాళ్ళే కబురు చేశారు. ఎమీనే ఇల్లు డిసెంబరు ఆఖరుదాకా ఖాళీగానే ఉందట. తర్వాత ఎవరో దిగారు. వాళ్ళూ ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళే, పసిపిల్లల వాళ్ళు. పక్కింటాయన వద్దనలేకపోయాడు.

నీ మొదటి జవాబులో కాలనీ ఇళ్ళని రాశావు, నేను చదివాను. మావయ్య వాగుడు మామూలే అనుకుని నవ్వుకున్నాను. ఇది ఆవిడ సొంతిల్లు మావయ్యా అని ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు అప్పుడే పంపించేసేవాడివి. నేను రాయలేదు. ఇల్లు దొరుకుతోంది అని మాత్రం రాశాను. ఇక్కడ అందరికీ అది తెలిసిన సంగతే కనక నీకూ తెలుసనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చినట్టు రోజీన్ చూసింది. ఏం రాశాడని అడిగింది. అమ్మ పోయినందుకు బాధపడ్డాడని చెప్పాను.

గౌతమి


చోడవరం
20 ఫిబ్రవరి 2026

గౌతమీ,

నిన్న గురువారం. నేను పెట్టిన రోజు. మూఢం వెళ్ళిందని కొట్లో జనం కిటకిటలాడారు. తాంబూలాలకీ, శంకుస్థాపనలకీ రోజులు అడిగారు. నాకు ఏమీ వినబడలేదు కనక సరిపోయింది. సాయంత్రం మేడెక్కి చూశాను. పడమట శుక్రుడు బాగా కిందికి, సన్నగా కనబడ్డాడు. ఆవిడ చూసి ఉండాల్సింది.

నేను చెప్పేది విను. రోజీన్‌కి నిజం చెప్పు. నీ తప్పు అని చెప్పొద్దు, మా మావయ్య తెలిసీ తెలియక చెప్పాడని చెప్పు. అడగాల్సిన మొదటి ప్రశ్న నేను అడగలేదు. ఇక్కడికి ఎవరొచ్చినా మీ పేరేంటి, కొత్తిల్లా పాతిల్లా అని అడిగాకే పంచాంగం తెరుస్తాను. సిరియా నుంచి అడిగారనే సంబరంలో ఆ ముక్క మరిచిపోయాను. ఆ పిల్ల నన్ను శపించినా ఫరవాలేదు. నా మీద నమ్మకంతో మాత్రం ఉండకూడదు. అది భరించలేకపోతున్నాను.

మావయ్య


ఖామిష్లీ
15 మార్చి 2026

మావయ్యా,

బస్సులు మళ్ళీ మొదలయ్యాయి. ఇవాళ రోజీన్ వెళ్ళిపోయింది. ఇల్లు లేకపోయినా వెళ్తానంది. పక్కింటివాళ్ళ వసారాలో ఉంటుందట, తన తలుపు కనబడుతూ ఉంటుందట.

నిజం చెబుదామని నాలుగుసార్లు ఆమె గది దాకా వెళ్ళి వచ్చాను. తల్లి ఆ రెండు నెలలూ ఎంత ధైర్యంగా ఉందో, ఏడేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదని ఆమె నాతో చెప్పింది. అది విన్నాక ఏం చెప్పను? ఆమెకి మిగిలింది అదొక్కటే.

మొన్న సాయంత్రం మెట్ల మీద కూర్చుని పడమటికి చూపించింది. చుక్క మెరుస్తోంది. అమ్మ కాస్త ఆగలేకపోయింది, మీ మావయ్య తప్పేముంది అంది.

బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుని ఒకటి అడిగింది. అమ్మని ఇక్కడ వదిలేయలేనంది. ఎప్పటికైనా తవ్వించి తీసుకెళ్ళి, తోటలో నాన్న పక్కన పెడతానంది. దానికి మంచి రోజు ఎప్పుడో మీ మావయ్యను అడిగి చెప్పు, ఈసారి ఏ పొరపాటూ జరగకూడదు అంది.

అడుగుతానన్నాను. అడుగుతున్నాను.

గౌతమి


చోడవరం
20 మార్చి 2026

గౌతమీ,

నిన్న ఉగాది. కొత్త పంచాంగాలు కట్టలు విప్పి అమ్ముతున్నాను, అమ్మకపోతే ఇల్లు గడవదు. చూసి చెప్పమన్నవాళ్ళకి మాత్రం కళ్ళు ఆనడం లేదని చెప్పి పంపేస్తున్నాను. చెవులు పోయిన మనిషి కదా, నమ్ముతున్నారు.

రోజీన్‌కి ఇలా రాయి. అమ్మని ఎప్పుడు తీసుకెళ్ళినా మంచి రోజే. దారి తెరిచి ఉన్న ఏ రోజైనా. ఆవిడ వెళ్ళేది తన ఇంటికి, ఎవరినీ అడగక్కర్లేదు.

నన్ను అసలు అడగొద్దని రాయి.

మావయ్య